ఫోటోలో వెనకాల పడ్డ మనుషుల్ని మచ్చ లేకుండా తీసేయడం ఎలా?

మీరు అడిగినవి రెండు. రాతి మెట్ల మీద మీ ఆవిడ, పిల్లలు నిలబడిన ఫోటోలో వెనకాల పది పన్నెండు మంది పడ్డారు. ఫోన్‌లోని ఎరేజర్‌తో తీస్తే చాలామంది బాగానే పోయారు గానీ, మీ ఆవిడ భుజానికి ఆనుకుని కనిపిస్తున్న ఎర్ర టీషర్టు మనిషి దగ్గర అలికినట్టు మచ్చ పడింది. దాన్ని ఎలా బాగు చేయాలన్నది మొదటి ప్రశ్న. వచ్చే ప్రయాణంలో ఈ తలనొప్పి రాకుండా ఫోటో తీసేటప్పుడే ఏం చేయాలన్నది రెండోది. మొదటిదానికే ఎక్కువ చెప్పాల్సి ఉంది.

మనిషిని చెరిపేయడం ఏ యాప్‌కైనా క్షణాల్లో పని. ఆ మనిషి వెనక ఏముందో మళ్లీ అక్కడ పెట్టడం దగ్గరే అసలు కష్టమంతా. ఆ వెనకున్నది మీ ఫోటోలో లేదు, కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఊహించి నింపుతుంది. ఆకాశం, ఇసుక, గడ్డి, నీళ్లు అయితే ఊహ తప్పినా ఎవరికీ తెలియదు. మెట్ల అంచులు, కిటికీ చువ్వలు, నేల మీద పలకలు, చెక్కిన స్తంభాలు అయితే కాస్త తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. అందుకే "ఏ యాప్ మంచిది" అని అడిగిన ప్రతిసారీ నేను "వెనకాల ఏముంది" అని ఎదురు ప్రశ్న వేస్తుంటాను.

ఊహించే పద్ధతులు రెండు రకాలు. ఒక రకం మీ ఫోటోలోనే వేరే చోటి నుంచి ముక్కలు తెచ్చి అతికిస్తుంది. ఫోటోషాప్‌లో 2010లో సీఎస్5 వెర్షన్‌తో వచ్చిన కంటెంట్-అవేర్ ఫిల్ ఈ రకం. జింప్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు రీసింథసైజర్ అనే ఉచిత ప్లగిన్‌లోని హీల్ సెలెక్షన్ కూడా ఇదే. రెండో రకం లేనిదాన్ని కొత్తగా పుట్టిస్తుంది. 2023లో ఫోటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్, 2024లో ఆ కంపెనీదే అయిన లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన జెనరేటివ్ రిమూవ్ ఆ కోవలోవి. మొదటి రకం తప్పు చేస్తే పక్కనున్న పిల్లాడి చెవి గోడ మీద మొలుస్తుంది. రెండో రకం తప్పు చేస్తే లేని మెట్టు ఒకటి, లేని శిల్పం ఒకటి వచ్చి కూర్చుంటుంది, అదీ చాలా నమ్మకంగా కనిపిస్తుంది. నాకు మొదటి రకం తప్పులే ఇష్టం, ఎందుకంటే అవి వెంటనే కనబడతాయి.

ముందుగా రెండు చిన్న విషయాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మీద పని చేయకండి. అందులో సైజు తగ్గిపోయి, కంప్రెషన్ వల్ల గోడలు, ఆకాశం గళ్లుగళ్లుగా తయారవుతాయి. అలాంటి దాని మీద ఏ ముక్క అతికించినా అతుకు తెలిసిపోతుంది. ఫోన్‌లో ఉన్న ఒరిజినల్ ఫైల్ కేబుల్‌తోనో, డ్రైవ్ ద్వారానో కంప్యూటర్‌లోకి తెచ్చుకోండి. రెండోది, ఎరేజర్ పట్టుకునే ముందు క్రాప్ చేసి చూడండి. మీరు చెప్పిన పది పన్నెండు మందిలో అంచుల్లో ఉన్నవాళ్లు కత్తిరింపుతోనే పోతారు. దూరంగా చిన్నగా కనిపించేవాళ్లను అసలు తీయక్కర్లేదు. వాళ్ల బట్టల రంగు తగ్గించి కాస్త చీకటి చేస్తే చాలు, కన్ను అటు పోదు. ఎడిటింగ్‌లో అన్నిటికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే అయినా ఎందుకో ఎవరూ వాడరు.

ఇంకో మాట కూడా అడగాలి. అదే చోట వెంటవెంటనే తీసిన ఫోటోలు ఇంకేమైనా ఉన్నాయా? చాలామంది నాలుగైదు నొక్కి ఒకటి ఉంచుకుంటారు, మిగతావి ఫోన్‌లోనే పడి ఉంటాయి. ఐఫోన్ అయితే లైవ్ ఫోటోలో నొక్కడానికి ముందు 1.5 సెకన్లు, తర్వాత 1.5 సెకన్లు కదలిక దాగి ఉంటుంది. ఆ మూడు సెకన్లలో టీషర్టు మనిషి ఒక అడుగు కదిలి ఉంటే, అతని వెనకున్న అసలు రాయి మీ చేతిలో ఉన్నట్టే. ఫోటోషాప్‌లో రెండు ఫ్రేములనూ లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పొరలుగా పెట్టి, ఎడిట్ మెనూలో ఆటో-అలైన్ లేయర్స్ నొక్కి, పై లేయర్‌కు మాస్క్ (చెరపకుండానే కొంత భాగాన్ని దాచే తెర) వేసి, అతను ఉన్నంత మేర నల్ల బ్రష్‌తో రుద్దితే కింది ఫ్రేములోని రాయి బయటపడుతుంది. ఊహ అవసరం లేదు, ఏఐ అవసరం లేదు. కాబట్టి ఫోన్‌లో ఒకసారి బాగా వెతకండి.

ఏమీ దొరకలేదు, ఒక్క ఫోటోనే ఉందనుకుందాం. అప్పుడు ఆ మచ్చ ఎందుకు పడిందో తెలుసుకోవాలి. కొన్ని ఫోన్ ఎరేజర్లు, ఫోటోషాప్‌లోని హీలింగ్ బ్రష్ లాంటివి తెచ్చిన ముక్క రంగును చుట్టూ ఉన్న రంగుతో కలుపుతాయి. చుట్టూ ఒకే రాయి ఉంటే ఈ కలపడం వరం. ఒక పక్క రాయి, ఇంకో పక్క మీ ఆవిడ చీర ఉంటే ఆ చీర రంగు గోడలోకి పాకుతుంది. మీకు కనిపిస్తున్న మచ్చ బహుశా అదే. అంటే తప్పు మీ చేతిది కాదు, రెండు వేర్వేరు వస్తువులు తగులుకున్న చోట ఆ టూల్ వాడటంలో ఉంది. అతనికీ మీ ఆవిడకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండి ఉంటే ఫోన్‌తోనే పని అయిపోయేది.

కాబట్టి ముందు మీ ఆవిడను ఆ గొడవలోంచి బయటికి తీయాలి. ఫోటోషాప్‌లో ఒరిజినల్ లేయర్‌ను కంట్రోల్-జె నొక్కి ఒకసారి కాపీ చేయండి. తర్వాత ఆబ్జెక్ట్ సెలెక్షన్ టూల్‌తో మీ ఆవిడ చుట్టూ డబ్బా గీయండి, అంచు చాలావరకు అదే పట్టుకుంటుంది. భుజం దగ్గర టీషర్టు ముక్క ఏదైనా సెలెక్షన్‌లోకి వచ్చేస్తే చేత్తో గీసి ఎంచుకునే లాసో టూల్‌తో, ఆల్ట్ నొక్కి పట్టుకుని తీసేయండి. ఈ ఒక్క చోట తొందరపడకండి, జూమ్ 200 శాతానికి పెంచి అంచు మొత్తం చూసుకోండి. మళ్లీ కంట్రోల్-జె నొక్కితే మీ ఆవిడ ఒక్కరే వేరే లేయర్‌గా వస్తారు. ఆ లేయర్ ఎప్పుడూ పైనే ఉండాలి. జింప్‌లో అయితే ఫ్రీ సెలెక్ట్ టూల్‌తో చేత్తో గీసుకోవాలి, అంతే తేడా.

ఇప్పుడు మధ్య లేయర్ మీదకు వచ్చి, టీషర్టు మనిషిని ధైర్యంగా సెలెక్ట్ చేయండి. భుజం దగ్గర ఆగాల్సిన పని లేదు, సెలెక్షన్ మీ ఆవిడ భుజం లోపలికి బాగా చొచ్చుకుపోవాలి. అక్కడ ఎంత ఖరాబైనా పై లేయర్‌లో ఉన్న అసలు భుజం దాన్ని కప్పేస్తుంది. మిగతా వైపులా కూడా అతని అంచుకు ఐదు పది పిక్సెళ్లు బయటి నుంచే గీయండి. అంచుకు ఆనించి గీస్తే ఎర్రటి సన్నని గీత మిగిలిపోతుంది, ఆ గీతనే ముక్కగా తీసుకుని సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎరుపు పూస్తుంది.

అతని నీడను మర్చిపోవద్దు. చాలామంది మనిషిని తీసి నీడను మెట్ల మీద అలాగే వదిలేస్తారు. జెనరేటివ్ టూల్స్‌తో అయితే ఇది ఇంకా పెద్ద సమస్య. నీడ ఉంటే దానికి తగ్గ మనిషో, స్తంభమో ఉండాలని అది లెక్క వేసి కొత్త మనిషిని తెచ్చి నిలబెడుతుంది. "నేను తీస్తుంటే ఇది కొత్తవాళ్లను పెడుతోంది" అని వాపోయేవాళ్లలో చాలామంది దగ్గర జరిగేది ఇదే, ఏదో ఒక నీడో, చెప్పుల కొసో సెలెక్షన్ బయట మిగిలి ఉంటుంది. తడి నేల, గాజు తలుపు, నల్ల కళ్లద్దాలు ఉంటే వాటిలోని ప్రతిబింబాలు కూడా చూసుకోండి.

ఎడిట్ మెనూలో కంటెంట్-అవేర్ ఫిల్ నొక్కితే వేరే విండో తెరుచుకుంటుంది. అందులో ఫోటో మీద ఆకుపచ్చ పొర కనిపిస్తుంది, ముక్కలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పేది ఆ పొరే. మైనస్ గుర్తున్న బ్రష్ తీసుకుని మీ ఆవిడ, పిల్లలు, మిగతా జనం, ఆకాశం అందరి మీదా ఆకుపచ్చను చెరిపేయండి. టీషర్టు మనిషికి అటూ ఇటూ అదే ఎత్తులో ఉన్న మెట్లు మాత్రమే మిగలాలి. మెట్లు పైకి పోయేకొద్దీ సన్నబడతాయి కదా, అందుకే పై మెట్ల నుంచి కింద, కింది మెట్ల నుంచి పైన ముక్కలు తేనివ్వకూడదు. ఔట్‌పుట్ దగ్గర న్యూ లేయర్ పెట్టండి, నచ్చకపోతే ఆ ఒక్క లేయర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఒక్క దెబ్బకు సరిగ్గా రాదు. మెట్ల అంచు గీతలు ఎక్కడో ఒకచోట విరుగుతాయి. అక్కడికి క్లోన్ స్టాంపే మందు. పాతకాలపు టూల్ అని దీన్ని పక్కన పెడతారు గానీ, రంగులు కలపకుండా ఉన్నది ఉన్నట్టు దించే గుణం దీనిది, గీతల దగ్గర కావలసింది అదే. కొత్త ఖాళీ లేయర్ వేసుకుని, శాంపుల్ దగ్గర కరెంట్ అండ్ బిలో పెట్టి, అలైన్డ్ టిక్ ఉంచండి. ఆల్ట్ నొక్కి బాగున్న మెట్టు అంచు మీద సరిగ్గా క్లిక్ చేయండి, తర్వాత విరిగిన చోట అదే అంచు మీద సరిగ్గా మొదలుపెట్టి గీత వెంబడి లాగండి. మొదటి క్లిక్ అంచు మీద పడితే మిగతాదంతా దానంతట అదే కలుస్తుంది. ఎడమ నుంచి కొంత, కుడి నుంచి కొంత తెచ్చి మధ్యలో కలపండి, ఎందుకంటే ఎండ ఒక పక్క నుంచి పడుతుంటే రాయి రంగు ఆ చివర నుంచి ఈ చివరకు కొంచెం కొంచెం మారుతుంది. ముందు గీతలన్నీ కలిపేసి, తర్వాత మధ్యలో ఉన్న చదును రాయి మీద హీలింగ్ బ్రష్ వాడండి. ఈ వరస తిరగేస్తే పని రెట్టింపవుతుంది.

జుట్టు దగ్గర కొంచెం చికాకు ఉంటుంది. మీ ఆవిడ జుట్టు పాయల మధ్య నుంచి టీషర్టు ఎరుపు కనిపిస్తూ ఉంటుంది, ఎంత జాగ్రత్తగా సెలెక్ట్ చేసినా అది కూడా వెంట వస్తుంది. ఎగిరే వెంట్రుకలను కాపాడాలని గంటలు పెట్టకండి. ఎరుపు అంటిన పాయలను మాస్క్‌తో దాచేసి, జుట్టు రంగునే ఐడ్రాపర్‌తో తీసుకుని, రెండు మూడు పిక్సెళ్ల బ్రష్‌తో నాలుగు వెంట్రుకలు మీరే గీయండి. దగ్గరగా చూస్తే నవ్వొస్తుంది, మామూలు సైజులో ఎవరికీ తెలియదు. చీర అంచున ఎర్రటి ఛాయ మిగిలితే స్పాంజ్ టూల్‌ను డీశాచురేట్‌లో పెట్టి మెల్లగా రుద్దండి. చీరే ఎరుపైతే మాత్రం దాని జోలికి పోకండి.

ఇక జెనరేటివ్ ఫిల్ సంగతి. నేను దానికి వ్యతిరేకిని కాను. మనిషి వెనక గజిబిజిగా చెట్లు, కొమ్మలు, బండరాళ్లు ఉంటే కంటెంట్-అవేర్ ఫిల్ కంటే అదే చక్కగా చేస్తుంది. వాడేటప్పుడు మాట రాసే డబ్బా ఖాళీగా వదిలేయండి. "మనిషిని తీసేయ్" అని రాస్తే "మనిషి" అన్న మాట పట్టుకుని ఇంకొకరిని గీసిన సందర్భాలు ఉన్నాయి. పెద్ద భాగాన్ని ఒకేసారి ఇవ్వకండి, చిన్న చిన్న ముక్కలుగా ఇస్తే స్పష్టత బాగుంటుంది. ఇది వచ్చిన కొత్తలో పుట్టించే బొమ్మ 1024 పిక్సెళ్లకు మించేది కాదు, దాంతో పెద్ద ఫోటోలో పెద్ద సెలెక్షన్ ఇస్తే ఆ భాగం మసకగా వచ్చేది. ఇది మీ కంప్యూటర్‌లో కాక కంపెనీ సర్వర్‌లో నడుస్తుంది, అంటే ఫోటో నెట్ ద్వారా బయటికి వెళుతుంది. పిల్లల ఫోటోల విషయంలో అది మీకు ఇష్టమో కాదో ముందే అనుకోండి.

చెక్కడాలున్న పాత కట్టడాల మీద మాత్రం నేను దాన్ని వాడను. స్తంభం మీద అది పుట్టించిన శిల్పం చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్కడ అలాంటి శిల్పం లేదు. ఇంటి ఆల్బమ్‌కైతే ఎవరి అభ్యంతరమూ ఉండదు. పోటీలకు పంపేటప్పుడు నిబంధనలు చదవండి. వరల్డ్ ప్రెస్ ఫోటో లాంటి పోటీల్లో ఫోటోలోంచి దేన్నైనా తీసేయడం, చేర్చడం రెండూ నిషిద్ధం, ఏ టూల్‌తో చేశారన్నది అక్కడ లెక్కలోకి రాదు.

అంతా అయ్యాక ఒక తేడా మిగులుతుంది. ఫోన్ ఫోటోల్లో, ముఖ్యంగా సాయంత్రం తీసినవాటిలో, సన్నని గరుకు ఉంటుంది. అతికించిన చోట అది లేక నున్నగా కనిపిస్తుంది. ఫిల్టర్ మెనూలో యాడ్ నాయిస్ తీసుకుని, మోనోక్రొమాటిక్ టిక్ పెట్టి, ఒకటి రెండు శాతం ఆ భాగానికి మాత్రమే ఇవ్వండి. వెనకభాగం మసకగా ఉన్న ఫోటో అయితే అతికించిన ముక్క కూడా అంతే మసకగా ఉండాలి. తర్వాత ఫోటోను అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారు చేసి చూడండి, ఇమేజ్ మెనూలోని ఇమేజ్ రొటేషన్‌లో ఫ్లిప్ కాన్వాస్ హారిజాంటల్. ఇంతసేపూ చూసి అలవాటు పడ్డ కన్నుకు తిరగేసిన ఫోటో కొత్తగా ఉంటుంది, తప్పులు ఒక్కసారిగా బయటపడతాయి. ముఖ్యంగా ఒకే మరక రెండు మూడు చోట్ల కనిపిస్తుందేమో చూడండి. క్లోన్ చేసినట్టు పట్టిచ్చేది ఎక్కువగా అదే.

అందర్నీ తీసేయాలా అన్నది కూడా ఆలోచించండి. పట్టపగలు, మంచి ఎండలో, పేరున్న చోట ఒక్క మనిషి కూడా లేని మెట్లు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. దూరంగా ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ కట్టడం ఎంత పెద్దదో కూడా అర్థమవుతుంది. మీ ఫోటోలో టీషర్టు మనిషి, కెమెరా వైపు చూస్తున్నవాళ్లు, మీవాళ్ల తలల వెనక ఉన్నవాళ్లు పోతే చాలు. మిగతావాళ్లను ఉండనివ్వండి.

రెండో ప్రశ్నకు వస్తే, ఫోటో తీసేటప్పుడు ఒక్క అడుగు పక్కకు వేయడం గంటసేపు ఎడిటింగ్‌ను తప్పిస్తుంది. వెనకాల జనం తప్పనప్పుడు, వాళ్లు మీవాళ్ల శరీరానికి తగలకుండా మధ్యలో ఖాళీ కనిపించేలా మీరే జరగండి. లేదా పూర్తిగా మీవాళ్ల వెనక దాగిపోయేలా జరగండి. సగం కనిపించడమే ప్రమాదం.

కట్టడాన్ని ఒక్కదాన్నే తీస్తుంటే మీడియన్ పద్ధతి చాలా బాగుంటుంది. ఫోన్‌ను గట్టిగా ఒకచోట ఆనించి, ట్రైపాడ్ ఉంటే మరీ మంచిది, కొన్ని సెకన్ల తేడాతో పది పదిహేను ఫోటోలు తీయండి. ఫోటోషాప్‌లో ఫైల్, స్క్రిప్ట్స్, స్టాటిస్టిక్స్‌లోకి వెళ్లి మీడియన్ ఎంచుకుని, ఫోటోలన్నీ ఇచ్చి, అలైన్ చేసే టిక్ పెట్టండి. అది ఒక్కో పిక్సెల్‌కు అన్ని ఫోటోల్లోని విలువలను వరసలో పెట్టి మధ్యలో ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఉదాహరణకు 9 ఫోటోల్లో ఒక రాయి 6 సార్లు ఖాళీగా, 3 సార్లు మనుషుల వెనక ఉంటే, ఆ 6 విలువలూ దాదాపు ఒకటే కాబట్టి వరసలో ఐదోది కచ్చితంగా రాయే అవుతుంది. నడిచేవాళ్లంతా మాయమవుతారు. సగం కంటే ఎక్కువ ఫోటోల్లో అక్కడే కూర్చున్నవాళ్లు మాత్రం పోరు, గాలికి ఊగే ఆకులు కూడా కాస్త అలుక్కుపోతాయి. కదిలేవాటిని కెమెరా వదిలేయడం ఫోటోగ్రఫీ అంత పాతది. 1838లో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన దాగేర్ పారిస్‌లో తీసిన బులెవార్ డ్యూ తాంప్ల్ ఫోటోలో రద్దీ వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుగు పడే సమయం) కొన్ని నిమిషాలు పట్టడంతో బళ్లు, మనుషులు ఏవీ పడలేదు. స్పష్టంగా మిగిలింది కదలకుండా నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒకాయన. కెమెరా ఉన్నవాళ్లు లెన్స్ ముందు పెట్టే 10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్ల అద్దంతో ఇదే పని ఇప్పుడూ చేయొచ్చు. అది వెలుగును దాదాపు 1000 వంతులు తగ్గిస్తుంది, సెకనులో 125వ వంతు ఎక్స్‌పోజర్ 8 సెకన్లు అవుతుంది. అయితే ఆ 8 సెకన్లలో నెమ్మదిగా నడిచేవాళ్లు పొగలా మిగులుతారు, అందుకే నా ఓటు మీడియన్‌కే.

కుటుంబంతో తీసేటప్పుడు మీడియన్ పద్ధతినీ, మాస్క్‌నూ కలపండి. ముందు మీవాళ్లతో ఫోటో తీయండి. తర్వాత మీవాళ్లను పక్కకు జరగమని చెప్పి, మీరు మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, అదే జూమ్‌తో, స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుగు లాక్ చేసి ఖాళీ చోటును ఇంకో పది తీసుకోండి. ఇంటికొచ్చాక ఆ పదింటితో మీడియన్ చేసి, దాని మీద మొదటి ఫోటోలోని మీవాళ్లను మాస్క్‌తో ఉంచితే సరిపోతుంది. మీవాళ్ల నీడలు కూడా మాస్క్‌లోకి వచ్చేలా చూసుకోండి.